గిటార్ రాకుండా జాగ్రత్తపడటం ఎలా?

గిటార్ నేర్పిస్తామనేవాళ్ళు ఇప్పుడు వీధికొకరున్నారు. మూడు నెలల్లో అనేవాళ్ళు, ముప్పై రోజుల్లో అనేవాళ్ళు, రాత్రి పడుకోబోయే ముందు కాసేపు ఫోన్ చూస్తే చాలు అనేవాళ్ళు. అయినా హాస్టల్ గదుల్లో, అపార్ట్‌మెంట్లలో, బీరువా పక్కన నల్ల సంచిలో నిలబెట్టిన గిటార్లకు మాత్రం లోటు లేదు. అంటే జనం కోరుకునేది గిటార్ రావటం కాదు, గిటార్ ఉండటం. ఈ విద్యకు ఇంతవరకు పుస్తకం లేదు. ఎవరికివారు సొంత తెలివితో నెట్టుకొస్తున్నారు. జాగ్రత్త తెలియక కొందరికి మధ్యలో రెండు మూడు పాటలు వచ్చేస్తున్నాయి కూడా. ఆ ప్రమాదం మీకు రాకూడదనే ఈ సలహాలు. తు.చ. తప్పకుండా పాటిస్తే పదేళ్ళయినా ఒక్క పాట చేతికి అంటదు.

కొనటంలోనే ఉంది కిటుకు

రంగు చూసి కొనండి. నలుపైతే గంభీరంగా ఉంటుంది, నీలమైతే ఫొటోలో బాగా పడుతుంది. వాయించటం తెలిసినవాళ్ళను మాత్రం షాపుకి వెంట తీసుకెళ్ళొద్దు. వాళ్ళు రంగు చూడరు. మెడను కంటి దగ్గర పెట్టుకుని ఒంటికన్నుతో వంపు చూస్తారు. మెడ మీది లోహపు అడ్డగీతల్లో, అంటే ఫ్రెట్లలో, పన్నెండోదాని దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు ఎంతుందో చూస్తారు. రెండు, రెండున్నర మిల్లీమీటర్లు దాటితే పెదవి విరుస్తారు. ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి, ఎక్కడ జరజరమంటోందో వింటారు. ఇంతా చేసి, షాపు మొత్తంలో చూడటానికి అతి మామూలుగా ఉన్నదాన్ని కొనమంటారు.

మీకు కావలసింది దానికి సరిగ్గా ఎదురు. తీగ కింద చిటికెనవేలు దూరేంత ఎత్తుండాలి. అప్పుడు నొక్కటానికి ఒంట్లో బలమంతా కావాలి. నొక్కినా తీగ సాగి, స్వరం అసలు స్థానం కన్నా పైకి జారుతుంది. వేలు ఎంత సరిగ్గా పెట్టినా అపస్వరమే. తప్పు మీది కాదు గనక మనసుకి హాయి. బ్రిడ్జి మీద తీగలు ఆనే తెల్లటి పట్టీని కాస్త అరగదీస్తే ఎత్తు తగ్గుతుందని, రిపేరు తెలిసినవాళ్ళకు అది అరగంట పని అని ఎవరైనా చెబితే, కొత్త వస్తువుని అరగదీస్తారా అని ఆశ్చర్యపోండి.

నైలాన్ తీగల గిటార్ వేళ్ళకు మెత్తగా ఉంటుంది, మెడ వెడల్పు గనక వేళ్ళు ఒకదాని మీద ఒకటి పడవు. కనక అటు చూడొద్దు. అది క్లాసికల్ వాళ్ళ సరుకు.

గిటార్‌తోపాటు తీగలన్నిటినీ ఒకేచోట బిగించి పట్టే కాపో, స్ట్రాప్, స్టాండ్, మూడు రకాల మందాల్లో పిక్కులు, పిక్కులు పెట్టుకునే చిన్న తోలు సంచి, అన్నీ ఒకేసారి కొనండి. ఇంత డబ్బు పెట్టాక సగం వచ్చేసినట్టే అనిపిస్తుంది. ఆ భావన చాలా విలువైంది, దాంతో ఆరునెలలు గడిపేయొచ్చు.

తీగలు మార్చటం అనే ప్రసక్తే రానివ్వకండి. విశాఖపట్నంలోనో కాకినాడలోనో ఉంటే మీ అదృష్టం. సముద్రపు గాలీ చేతి చెమటా కలిసి ఉక్కు తీగల్ని కొన్ని వారాల్లో గరుకుగా, గోధుమరంగులోకి మారుస్తాయి. తుప్పు పట్టిన తీగ మొద్దుగా మోగుతుంది, శ్రుతి నిలవదు. వాయించాక పొడిగుడ్డతో తుడిస్తే ఎక్కువకాలం వస్తాయి గనక గుడ్డ దగ్గర పెట్టుకోకండి. వేలికి అంటిన ఆ తుప్పునే చుట్టాలకు చూపించండి, సాధనకు అంతకన్నా ఋజువేం కావాలి.

ఇంట్లో పెద్దవాళ్ళు "ఈ పరాయి వాద్యం ఎందుకురా, బొబ్బిలి నుంచి మంచి వీణ తెప్పిస్తా, నేర్చుకో" అనొచ్చు. ఒప్పుకోవద్దు. వీణ అంటే ఎదురుగా టీచరుగారు కూర్చుంటారు, తప్పు పడగానే చెయ్యి ఆపేస్తారు. అమ్మకీ అమ్మమ్మకీ కూడా తప్పు తెలిసిపోతుంది. గిటార్‌లో ఉన్న సౌకర్యమల్లా ఇంట్లో ఎవరికీ ఏదీ తెలియకపోవటమే.

శ్రుతి సంగతి

ఆరు తీగలు. పైనున్న లావు తీగ నుంచి కిందున్న సన్నతీగ దాకా ఇ, ఎ, డి, జి, బి, ఇ. లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు, సన్నతీగ దాదాపు 330 సార్లు ఊగితే శ్రుతి కుదిరినట్టు. ఇదంతా షాపులో ఒకసారి చేసే ఇచ్చారు. మళ్ళీ మళ్ళీ ముట్టుకుని చెడగొట్టటం దేనికి? కచేరీలో తంబూరా పెట్టించుకుని, పాట పాటకీ మధ్య బిరడాలు తిప్పుకుంటూ కూర్చునే విద్వాంసుల్ని చూసి జాలిపడండి.

తప్పదనుకుంటే ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకోండి. చెవికి పని చెప్పకండి, కంటితోనే చూడండి. ఆకుపచ్చ దీపం వెలగకపోతే బిగించండి. ఇంకా వెలగకపోతే ఇంకా బిగించండి. ఏ తీగ మీటుతున్నారో, ఏ బిరడా తిప్పుతున్నారో సరిపోల్చుకోవద్దు. కాసేపటికి సన్నటి ఇ తీగ ఠప్పున తెగుతుంది. దాంతో ఆ రోజుకి సాధన పూర్తి. కొత్త తీగ కొనటానికి వారం, వేసుకోవటానికి ధైర్యం చిక్కేసరికి నెల.

ఫోన్ లేని కాలపు పద్ధతి ఒకటుంది. లావు తీగని ఐదో ఫ్రెట్ దగ్గర నొక్కితే పక్క తీగ స్వరం వస్తుంది, రెంటినీ కలపాలి. అలాగే ఒక్కొక్కటీ. జి నుంచి బికి వచ్చినప్పుడు మాత్రం ఐదు కాదు, నాలుగో ఫ్రెట్. ఈ ఒక్క తేడాని మరిచిపోతే చాలు, బి తీగ అరస్వరం పైకి పోతుంది, దాన్ని చూసి కలిపిన చివరి ఇ తీగా దాని వెంటే పోతుంది. నాలుగు తీగలు ఒక ఊళ్ళో, రెండు తీగలు ఇంకో ఊళ్ళో. మీరేం వాయించినా జాజ్ అని చెప్పుకోవచ్చు.

వేళ్ళ మంట

ఎడమచేతి వేళ్ళ కొసలు మొదట్లో మండుతాయి. రోజూ కాసేపు వాయిస్తే కొన్ని వారాల్లో చర్మం గట్టిపడి మంట తెలియకుండా పోతుంది. ఈ 'రోజూ', 'కాసేపు' అనే రెంటికీ దూరంగా ఉండండి. ఒక ఆదివారం బొబ్బలెక్కేదాకా నాలుగు గంటలు వాయించి, తర్వాత మూడు వారాలు గిటార్ ముట్టకండి. చర్మం మళ్ళీ మెత్తబడుతుంది. అప్పుడు మళ్ళీ మొదలుపెట్టండి. ఏళ్ళు గడిచినా మొదటిరోజు మంట మీకు ఎప్పుడూ కొత్తగానే ఉంటుంది.

ఈ దశలో ఎవరో ఒకరు టోనీ అయోమీ కథ చెప్పి మిమ్మల్ని ఎగదోయాలని చూస్తారు. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ కుర్రాడు. పదిహేడేళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి గనక ఆయన తీగలు నొక్కేది ఆ చేత్తోనే. మంచం పట్టినవాడికి ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్‌ది. 1928లో తను ఉంటున్న బండికి నిప్పంటుకుని జాంగో ఎడమచేతి రెండు వేళ్ళు వంకర్లు పోయాయి. మిగిలిన రెండు వేళ్ళతోనే ఆయన జాజ్ గిటార్‌కి గురుపీఠం వేశాడు. అది విన్న అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు వేసుకున్నాడు, తర్వాత వాటి శ్రుతిని కిందికి దించి వదులు చేశాడు. ఆయన బృందం బ్లాక్ సబ్బత్ పాటల్లోని ఆ బరువైన మోత అలా పుట్టింది, దాంతోపాటే హెవీ మెటల్. విని కళ్ళు తుడుచుకోండి గాని ఉత్సాహపడొద్దు. తర్కం ఇలా నడపాలి: ఇద్దరికీ వేళ్ళు సరిగా లేవు, ఇద్దరికీ గిటార్ వచ్చింది. నాకు పదీ ఉన్నాయి, అందుకే రావటం లేదు.

మూడో కాలంలోనే మొదలు

కర్ణాటక సంగీతం చెప్పే టీచర్లకు ఒక మొండి అలవాటుంది. సరళీ వరసలు చేతితో తాళం వేయిస్తూ మొదటి కాలంలో పాడిస్తారు. అది కుదురుకుంటేగాని రెండో కాలం ఎత్తనివ్వరు, రెండోది కుదురుకుంటేగాని మూడోది లేదు. గిటార్ తెలిసినవాళ్ళూ తిప్పి తిప్పి ఇదే చెబుతారు. మెట్రోనోమ్ అరవైకి పెట్టు, వరసగా నాలుగు ఫ్రెట్ల మీద నాలుగు వేళ్ళూ ఒక్కొక్కటిగా దించు, తప్పులేకుండా వచ్చాక నాలుగైదు అంకెలు పెంచు, మళ్ళీ తప్పొస్తే వెనక్కి రా. ఇంత నెమ్మదిగా వాయిస్తే మీ తప్పు మీకే వినబడుతుంది. ఎందుకొచ్చిన బాధ! వేగంగా వాయిస్తే తప్పులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎవరూ గుర్తుపట్టకముందే వెళ్ళిపోతాయి.

సి నుంచి జికి మారటం దగ్గర ఇంకో సూత్రం. కుడిచెయ్యి ఆగకూడదు, ఎడమచెయ్యి అందుకోకపోయినా స్ట్రమ్ సాగుతూనే ఉండాలి, నాలుగు రోజుల్లో ఎడమచెయ్యి తనే వచ్చి కలుస్తుంది అంటారు. నమ్మొద్దు. కార్డ్ మారినప్పుడల్లా కుడిచెయ్యి ఆపేయండి. ఒక్కో వేలినీ కంటితో చూసుకుంటూ దాని దాని తీగ మీద తీరిగ్గా కూర్చోబెట్టండి. అందాకా పాడేవాళ్ళు అక్షరం మధ్యలో ఊపిరి బిగబట్టుకుని నిలబడతారు. వాళ్ళకు ప్రాణాయామం అయినట్టుంటుంది.

తప్పు పడిన చోట ఆగి, ఆ రెండు కార్డ్‌లనే ఇరవైసార్లు మార్చుకోవటం కూడా ఒక చెడ్డ పద్ధతి. దాంతో తప్పు పోతుంది. తప్పు పడగానే పాట మొదటికి వెళ్ళండి. అక్కడిదాకా మళ్ళీ వాయించండి, మళ్ళీ అక్కడే తప్పండి, మళ్ళీ మొదటికి రండి. ఏడాదికి మొదటి రెండు వరసలూ మీ అంత బాగా వాయించేవాళ్ళు జిల్లాలో ఉండరు. మూడో వరస ఉందన్న సంగతి ఆ పాట రాసినాయనకే తెలియాలి.

ఎఫ్

సి, ఎ మైనర్, ఇ మైనర్, డి, జి. ఈ ఐదూ వచ్చేదాకా లోకం పచ్చగా ఉంటుంది. తర్వాత ఎఫ్ వస్తుంది.

చూపుడువేలు మొదటి ఫ్రెట్ మీద ఆరు తీగలకూ అడ్డంగా పరిచి, మిగతా మూడు వేళ్ళతో దాని కింద ఇ కార్డ్ ఆకారం పట్టుకోవాలి. మీటితే ఆరు తీగలూ మోగాలి. మీకు రెండు మోగుతాయి, నాలుగు టిక్కు టిక్కుమంటాయి. లోకంలో గిటార్ సంచుల జిప్పులు శాశ్వతంగా మూసుకుపోయేది ఇక్కడే. మనకు ఇంతకన్నా అనువైన మజిలీ దొరకదు.

దీన్ని దాటించే ఉపాయాలు చాలానే ప్రచారంలో ఉన్నాయి, వాటన్నిటినీ తెలుసుకుని తప్పించుకోవాలి. మొదటి ఫ్రెట్ పక్కనే తీగలు ఆనే గట్టు ఉంటుంది గనక అక్కడ తీగ బిర్రుగా ఉంటుంది, అదే ఆకారాన్ని ఐదో ఫ్రెట్ దగ్గర పట్టుకుని అలవాటు చేసుకుని, రోజుకొక ఫ్రెట్ వెనక్కి జరుగుతూ వస్తే తేలిక. కనక మొదటిరోజే మొదటి ఫ్రెట్ మీదే పడండి. చూపుడువేలు బల్లపరుపుగా కాకుండా బొటనవేలి వైపు కాస్త పక్కకి ఒరిగితే ఎముక ఆనుతుంది, స్వరం తేరుతుంది. మీరు మెత్తటి భాగాన్నే ఆనించండి. బొటనవేలు మెడ వెనక మధ్యలో ఉంటే పట్టు చిక్కుతుంది. దాన్ని పైనుంచి బయటికి తొంగిచూడనివ్వండి. బలం మణికట్టు నుంచి కాదు, మోచేతినీ చేతి బరువునీ వెనక్కి లాగటం నుంచి రావాలంటారు. మీరు పళ్ళ బిగువు నుంచి తెచ్చుకోండి.

ఇంత చేసినా వచ్చేసేలా ఉంటే పారిపోయే దారులున్నాయి. ఎఫ్ ఉన్న పాట ముట్టకండి. ముట్టక తప్పకపోతే శ్రుతి మార్చి, పాడే ఆవిడ గొంతు అందినా అందకపోయినా జిలోకి లాక్కొచ్చేయండి. "ఈ గిటార్‌లో ఎఫ్ సరిగా పలకదండీ" అనే మాట మాత్రం పదిమందిలో ఉన్నప్పుడు తల పంకిస్తూ అనాలి.

ఏం వాయించాలి?

ఇంట్రోలు మాత్రమే. పాటల జోలికి వెళ్ళొద్దు.

వరసలో మొదటిది 'స్మోక్ ఆన్ ది వాటర్'. దీని కథ కంఠతా పట్టండి, అది వాయించటం కన్నా తేలిక. 1971 డిసెంబరులో డీప్ పర్పుల్ బృందం రికార్డింగుకని స్విట్జర్లాండ్‌లోని మాంత్రూ వెళ్ళింది. అక్కడి కాసినోలో ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా జనంలో ఎవరో ఫ్లేర్ గన్ పేల్చారు, భవనం తగలబడిపోయింది, పొగ సరస్సు మీదికి పరుచుకుంది. ఆ పొగే పాటయింది, 1972లో ఆల్బమ్‌లో వచ్చింది. ఇక ఆ వరస సంగతి. రిచీ బ్లాక్‌మోర్ దాన్ని పిక్కుతో కాకుండా వేళ్ళతో, రెండేసి తీగలు ఒక్కసారి లాగుతూ వాయిస్తాడు. రెండు తీగలూ ఒకేసారి కోసుకుని మోగటంలోనే దాని పదును ఉంది. మీరు ఒకే తీగ మీద సున్నా, మూడు, ఐదు అని నడిచి చూపించండి. గిటార్ షాపుల్లో పనిచేసే కుర్రాళ్ళు దీన్ని రోజూ వింటూనే ఉంటారు, వాళ్ళ ముఖాలు చూడకుండా వాయించటం మర్యాద.

రెండోది 'హోటల్ కాలిఫోర్నియా'. ఇది కాపో కొన్నందుకు దొరికే ప్రతిఫలం. ఏడో ఫ్రెట్ మీద కాపో పెట్టి ఇ మైనర్ నుంచి మొదలుపెడితే రికార్డులో ఉన్నట్టే ఉంటుంది. ఆ ఎనిమిది కార్డ్‌ల చుట్టు మీద నెలలు గడపొచ్చు. అది మీరు చేయకూడదు. నేర్చుకున్న రెండో నెలలోనే చివరి సోలో మీద పడండి. రికార్డులో దాన్ని డాన్ ఫెల్డర్, జో వాల్ష్ ఇద్దరు కలిసి ఒకరి మాట ఒకరందుకుంటూ, చివరికి ఇద్దరూ జంటగా వాయించారు. మీరు ఒక్కరే ఇద్దరి భాగాలూ వాయించాలని కూర్చుంటే, అది రాకపోవటానికి ప్రకృతి నియమమే మీ తరఫున సాక్ష్యం చెబుతుంది.

హిందీలో 'చురాలియా'. 1973 నాటి 'యాదోంకీ బారాత్' పాట, ఆ గిటార్ వాయించింది గాయకుడు భూపిందర్ సింగ్. ముందు గాజు గ్లాసు టింగుమంటుంది, తర్వాత గిటార్. గ్లాసు దాకా ఎవరికైనా వస్తుంది, అక్కడ ఆపండి.

ఇళయరాజా దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆయన మద్రాసులో ధన్‌రాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, సంగీత దర్శకుడు కాకముందు ఇతరుల బృందాల్లో గిటార్ వాయించిన మనిషి. అందుకే ఆయన పాటల్లో గిటార్ ఊరికే తాళానికి తోడు పోదు, గొంతుతో పాటు తనూ ఒక మాట చెబుతుంది, కింద బేస్ గిటార్ ఇంకో మాట చెబుతుంది. 1982 నాటి 'ఇళయ నిలా' మొదట్లో ఒక్కో తీగా విడివిడిగా రాలే ఆ స్వరాల్ని కుడిచేతి వేళ్ళతో నెమ్మదిగా పట్టుకుంటే, ఆ ఒక్క పాటతో కుడిచెయ్యి సగం తయారవుతుంది. కనక వేళ్ళు వాడొద్దు. పిక్కు తీసుకుని జి, డి, ఇ మైనర్, సి అని పైనుంచి కిందికి దంచండి. ఈ నాలుగు కార్డ్‌లలో తెలుగు పాట ఏదైనా ఇరుకుతుంది, ఇరకకపోతే పాటదే తప్పు. 'ఘర్షణ'లోని 'నిన్ను కోరి వర్ణం' మోహన రాగమనీ, పక్కింటి పాప అదే రాగంలో వర్ణం నేర్చుకుంటోందనీ మీకెవరూ చెప్పకుండా చూసుకోండి.

ఎందుకంటే ఒకసారి అలాంటి సంబంధాలు కనబడటం మొదలైతే ఆగవు. ఐదో ఫ్రెట్ దగ్గర అందరూ మొదట నేర్చే ఆ ఐదు స్వరాల పెట్టె, మైనర్ పెంటటానిక్ అంటారే, బి.బి.కింగ్ నుంచి ఊళ్ళో రాక్ బ్యాండు దాకా అందరూ తిరిగేది అందులోనే, దాని స్వరాలు చూస్తే మన శుద్ధ ధన్యాసి. ముత్తయ్య భాగవతార్ 'హిమగిరి తనయే' విన్న అమ్మమ్మ మీ గదిలోకి వచ్చి, "అదే స్వరాలు, కానీ నువ్వేంట్రా పరిగెడతావు, ఎక్కడైనా ఆగి పాడించు" అంటుంది. ఇంకా ఘోరం, చిన్నపిల్లలకు మొదటిపాఠంగా చెప్పే మాయామాళవగౌళ స్వరాల వరసలోనే డిక్ డేల్ 1962లో 'మిసిర్లూ' వాయించి అమెరికా కుర్రకారుని ఊపేశాడు. ముప్పై ఏళ్ళ తర్వాత 'పల్ప్ ఫిక్షన్' టైటిళ్ళ మీద మోగింది అదే. ఈ సంగతి తెలిస్తే సరళీ వరసలే గిటార్ మీద వాయించుకుందామని బుద్ధి పుడుతుంది. వాయిస్తే వేళ్ళకు దారి తెలుస్తుంది, చెవికి స్వరం తెలుస్తుంది. అంతదూరం రానివ్వకూడదు.

గమకాల మాట వస్తే, ఫ్రెట్లున్న పాశ్చాత్య వాద్యం మీద గమకం పలకదని తేల్చి చెప్పేయండి. పాలకొల్లులో 1969లో పుట్టిన ఒక పిల్లవాడు విద్యుత్ మాండలిన్ పట్టుకుని, జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు వేసుకుని, ఫ్రెట్లున్న ఆ బుల్లి వాద్యం మీదే కచేరీ మొత్తం గమకాలతో నడిపించాడని ఎవరైనా గుర్తుచేస్తారు. ఆ పిల్లవాడే మాండలిన్ శ్రీనివాస్. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించటం రాదు, ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ గొంతుని తీగ మీద వెతుక్కునేవాడు. ఈ ఉదంతం మీకు చాలా ప్రమాదకరం. పాట ముందు నోటికి రావాలి, నోటికి వచ్చింది చేతికి వస్తుంది అని ఇందులోంచి ఎవరైనా అర్థం లాగొచ్చు. "అది మాండలిన్ కదండీ" అని మాట తప్పించండి. మీరు వాయించే పాట ఎన్నడూ పాడొద్దు, కూనిరాగం కూడా తీయొద్దు.

ఎక్కడికి వెళ్ళకూడదు?

చర్చికి. ఆంధ్రలో కోస్తా ఊళ్ళ వైపు చూడండి, ఏ పాఠశాలా లేకుండా గిటార్ వచ్చినవాళ్ళలో చాలామంది ఆదివారం ఆరాధనలో వాయించి వాయించి నేర్చుకున్నవాళ్ళే. అక్కడ పాటెత్తిన పెద్దాయన ఏ శ్రుతిలో ఎత్తుకుంటే ఆ శ్రుతికి అప్పటికప్పుడు కాపో జరపాలి. పక్కన కీబోర్డు, వెనక డ్రమ్స్, ముందు రెండొందల మంది చప్పట్లు. కార్డ్ మారటానికి మీరు ఆగితే ఎవరూ ఆగరు. వచ్చేవారం మళ్ళీ కొత్త పాట. అలా ఆరునెలలు గడిస్తే మిమ్మల్ని ఎవరూ కాపాడలేరు. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లోనూ ఇదే బెడద. ఎప్పుడూ ఒంటరిగా, తలుపు వేసుకుని, తాళమంటూ ఏదీ వినబడని గదిలో వాయించండి.

గురువుగారి దగ్గర చేరితే రెండో నెలలో మార్చండి. ప్రతి కొత్తాయనా "ముందు పట్టుకునే పద్ధతి సరిచేద్దాం" అని మొదటిపాఠం నుంచే మొదలుపెడతాడు గనక, నలుగురు గురువులు మారినా మీరు మొదటిపాఠంలోనే ఉంటారు. అడిగినవాళ్ళకు మాత్రం నలుగురి పేర్లు చెప్పొచ్చు.

వీడియోలు ఎన్నయినా చూడండి, గిటార్ ఒళ్ళో లేకుండా చూడండి, అంతే. రాత్రి పడుకుని పాఠం చూస్తుంటే ఆ మాస్టారి వేళ్ళు కదులుతున్నప్పుడు మన వేళ్ళే కదిలినట్టుంటుంది. ఒక పాఠం సగంలో ఉండగా పక్కన ఇంకోటి కనబడుతుంది, 'గిటారిస్టులు చేసే ఐదు తప్పులు' అని. అది చూడండి. ఆ ఐదూ చేసే స్థాయికి మీరింకా రాలేదు గనక నిశ్చింతగా నిద్రపడుతుంది. డోరియన్, ఫ్రిజియన్, మిక్సోలిడియన్ లాంటి పేర్లు నాలుగు నోట్లో ఆడిస్తే సాధన చేసినవాళ్ళు కూడా మీ ముందు కాస్త వెనక్కి తగ్గుతారు.

పట్టుకునే తీరు మన సినిమా హీరోని చూసి నేర్చుకోండి. ఎడమచెయ్యి పాట మొదలైనప్పుడు ఏ ఫ్రెట్ మీద ఉందో రెండో చరణం అయ్యేదాకా అక్కడే ఉంటుంది. వెనక స్వరాలు ఎటుపోయినా దానికి పట్టదు. కొండ మీద నిలబడి ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాడు, తీగ చివర ప్లగ్గూ ఉండదు, ఆంప్లిఫయరూ ఉండదు, హీరోయిన్‌కి మాత్రం వినబడుతుంది. గాలికి జుట్టు ఎగరాలి, అదొక్కటే తప్పనిసరి.

వాయించమంటే?

ఎప్పుడో ఒకప్పుడు ఈ గండం వస్తుంది. గృహప్రవేశంలోనో, ఆఫీసు విహారయాత్రలోనో, ఎవరి పుట్టినరోజుకో, "ఏదీ, ఒక పాట వాయించు బాబూ" అంటారు. తీగలు పాతవయ్యాయనండి. పిక్కు తేలేదనండి. గొంతు బాగోలేదనండి, గిటార్‌కీ గొంతుకీ సంబంధమేమిటని ఎవరూ అడగరు. బాబాయిలు వదలకపోతే పది నిమిషాలు శ్రుతి చేయండి. తల ఒంచి, చెవి గిటార్‌కి ఆనించి, కళ్ళు మూసుకుని, బిరడా అటు కాస్త, ఇటు కాస్త. ఈలోగా వడ్డన మొదలవుతుంది.

అంతకీ తప్పకపోతే ఇంట్రో వాయించండి. అయ్యాక ఆగి, అందరివంకా చూసి నవ్వి, "తర్వాతది మీకు తెలిసిందేగా" అనండి. ఆ గుంపులో నిజంగా వాయించే పిల్ల ఒకతి ఉంటే మాత్రం మెల్లగా గిటార్ ఆమె చేతికి ఇచ్చేయండి. ఆమె ముందు బి తీగ సరిచేస్తుంది. అప్పుడు మీరు నీళ్ళు తాగటానికి లేవండి.

ఇన్ని జాగ్రత్తలతో ఐదారేళ్ళు గడిచాక గిటార్ అమ్మకానికి పెట్టండి. 'కొత్తదానిలా ఉంది, పెద్దగా వాడలేదు' అని రాయండి. ఇన్నేళ్ళలో దీని గురించి మీరు చెప్పిన ఒకే ఒక్క నిజం అదే గనక కొనేవాడు వెంటనే నమ్ముతాడు. వచ్చిన డబ్బుతో ఉకులేలే కొనుక్కోండి. చిన్నది, నాలుగే తీగలు, అవీ నైలాన్‌వి, వేళ్ళు మండవు. అన్నిటికన్నా ముఖ్యం, అందులో ఎఫ్ కార్డ్ రెండు వేళ్ళతో పడుతుంది. షాపువాడు అది వాయించి చూపిస్తుంటే మీకు కళ్ళనీళ్ళు తిరుగుతాయి. అక్కడ ఇ అని ఇంకో కార్డ్ ఉంటుంది. దాని గురించి షాపులో అడక్కండి.